సెల్లార్‌లో ఆర్డర్, సర్వర్‌లో స్టాక్: వ్యాపార సాఫ్ట్‌వేర్ ఫోన్‌లోకి దిగినప్పుడు

బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్‌ను సేల్స్‌మన్ల ఫోన్లలోకి తేవాలని ఏ కంపెనీ అనుకున్నా మొదటి నెల చర్చంతా తెర చుట్టూనే తిరుగుతుంది. మెనూ ఎక్కడ పెట్టాలి, బటన్ ఏ రంగులో ఉండాలి, కంప్యూటర్‌లో ముప్పై గడులున్న ఫారాన్ని అరచేతిలో ఎలా సర్దాలి. కంటికి కనిపించే ఇబ్బంది కాబట్టి అందరూ దాని మీదే పడతారు. మంచి డిజైనర్ ఉంటే అది కొద్ది వారాల్లో తేలిపోతుంది. తేలనిది ఇంకొకటి ఉంది. బల్ల ముందు కూర్చున్న గుమాస్తా కోసం రాసిన సాఫ్ట్‌వేర్ పైకి చెప్పకుండానే కొన్నిటిని నమ్ముకుని ఉంటుంది. నెట్ ఎప్పుడూ ఉంటుంది, సర్వర్ అడిగిన వెంటనే పలుకుతుంది, ‘సేవ్’ నొక్కితే ఎంట్రీ పడుతుంది లేదా పడదు, మధ్యలో ఇంకో స్థితి ఉండదు. పరికరం చేతిలోకి వచ్చి మనిషి నడవడం మొదలుపెట్టగానే ఈ నమ్మకాలన్నీ ఒకేసారి కూలుతాయి.

హైదరాబాద్‌లో అది చూడటానికి ఊరు దాటి పోనక్కర్లేదు, ఏదో ఒక కాంప్లెక్స్ కింద సెల్లార్ చాలు. మెడికల్ హాళ్ల స్టాకు, బట్టల షాపుల గోడౌన్లు, ఆస్పత్రి ఫార్మసీలు చాలావరకు అక్కడే ఉంటాయి. 4జీకి వాడే 1800, 2300 మెగాహెర్ట్జ్ తరంగాలు, 5జీకి వాడే 3300 మెగాహెర్ట్జ్ తరంగాలు రెండు స్లాబులు, ఒక ఇనుప షట్టర్ దాటేసరికి బాగా నీరసిస్తాయి. రోడ్డు మీద నిండుగా గీతలు చూపించిన ఫోన్ ఆర్డర్ రాసే చోట ఒక్క గీత చూపిస్తుంది. నెట్ పూర్తిగా లేకపోతే అంత ప్రమాదం లేదు, సాఫ్ట్‌వేర్‌కూ తెలుస్తుంది, మనిషికీ తెలుస్తుంది. గీత ఉండి డేటా కదలకపోవడమే ప్రమాదం. లిఫ్టులో, పాతబస్తీ గల్లీల్లో, ఔటర్ రింగ్ రోడ్డు అవతలి గోడౌన్లలో రోజూ ఎదురయ్యేది ఈ రకమే.

తిరుగుతూ ఉండిపోయిన చక్రం

కూకట్‌పల్లిలో ఒక మెడికల్ హాలు సెల్లార్‌లో నిలబడి మందుల కంపెనీ సేల్స్‌మన్ పది బాక్సుల ఆర్డర్ కొట్టాడనుకుందాం. ‘పంపు’ నొక్కాడు. తెర మీద చక్రం తిరుగుతోంది, ఆగడం లేదు. లోపల జరిగినది మూడింట్లో ఒకటై ఉంటుంది. ఆర్డర్ ఫోన్ దాటి వెళ్లనే లేదు. లేదా వెళ్లింది గానీ సర్వర్ దాకా చేరలేదు. లేదా సర్వర్‌కు చేరి, ఎంట్రీ కూడా పడి, ‘అయింది’ అన్న జవాబు తిరుగు ప్రయాణంలో పోయింది. మొదటి రెండింట్లో మళ్లీ నొక్కడం సరైన పని. మూడోదాంట్లో మళ్లీ నొక్కితే ఇరవై బాక్సులు వస్తాయి. నొక్కే మనిషికి మాత్రం మూడూ ఒకే చక్రంలా కనిపిస్తాయి. అతను మళ్లీ నొక్కుతాడు, ఎవరైనా నొక్కుతారు.

దీనికి మందు పాతదే, ఖరీదు కూడా పెద్దగా లేదు. ఆర్డర్‌కు నంబరు సర్వర్ ఇచ్చే దాకా ఆగకుండా ఫోనే, రాయడం మొదలైన క్షణంలో, మరో ఫోన్ ఇవ్వడానికి వీల్లేనంత పొడవైన గుర్తింపు సంఖ్య ఒకటి పుట్టిస్తుంది. ఎన్నిసార్లు పంపినా అదే సంఖ్యతో పంపుతుంది. సర్వర్ ఆ సంఖ్యను ముందే చూసి ఉంటే కొత్తగా ఏమీ రాయదు, మొదటిసారి ఇచ్చిన జవాబునే మళ్లీ ఇస్తుంది. డేటాబేస్‌లో ఒక గడి, దాని మీద ‘రెండోసారి రాకూడదు’ అన్న నియమం, అంతే. మొదటి రోజే పెట్టుకుంటే సగం రోజు పని. రెండేళ్ల తర్వాత, వేల డబుల్ ఎంట్రీలు పడ్డాక పెట్టాలంటే పాత లెక్కలన్నీ తవ్వాలి. అయినా చాలా కంపెనీలు బటన్‌ను ఒకసారి నొక్కగానే మసకబార్చి, సమస్య తీరిందనుకుంటాయి. సేల్స్‌మన్ యాప్ మూసి మళ్లీ తెరుస్తాడన్నది వాళ్లకు తట్టదు.

ఇదే చిక్కు దేశమంతటికీ యూపీఐలో ఎదురైంది. కస్టమర్ ఖాతాలో డబ్బు తగ్గుతుంది, దుకాణదారుకు కబురు రాదు. 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు దీని మీద ఒక సర్క్యులర్ ఇచ్చింది. దుకాణానికి చేసిన యూపీఐ చెల్లింపు ఇలా మధ్యలో చిక్కుకుంటే లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా డబ్బు దానంతటదే వెనక్కి పడాలి, మనిషి నుంచి మనిషికి పంపినదైతే ఒక్క రోజులో. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. మధ్యస్థితి రాదని ఆ సర్క్యులర్ ఎక్కడా అనలేదు. వస్తుందని ఒప్పుకుని, ఎన్నాళ్లలో తేలాలో, తేలకపోతే నష్టం ఎవరు మోయాలో రాసింది. కంపెనీల సొంత యాప్‌లలో సాధారణంగా లేనిది ఈ రెండు వాక్యాలే. ఆర్డర్ పోయిందో లేదో తెలియనప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి, ఎప్పటిలోగా తేల్చాలి, సరుకు రెండుసార్లు వెళ్తే వెనక్కి తెచ్చే ఆటో కిరాయి ఎవరిది? ఇవి సాఫ్ట్‌వేర్ ప్రశ్నలు కావని పక్కన పెడతారు. తీరా యాప్ వద్దని సేల్స్‌మన్ మొరాయించేది వీటి దగ్గరే.

దుకాణదారు వైపు నుంచి ఈ చిక్కును విప్పినది సౌండ్‌బాక్స్, డబ్బు పడగానే పైకి చెప్పే చిన్న డబ్బా. కస్టమర్ తన ఫోన్ తెర చూపించి ‘అయిపోయింది’ అంటే నమ్మాలా వద్దా అన్న సందేహం బేగంబజార్ కిరాణా కొట్టు నుంచి చాయ్ బండి దాకా అందరికీ ఉండేది. ఆ డబ్బాలో వేరే సిమ్ ఉంటుంది, కస్టమర్ ఫోన్‌తో దానికి సంబంధం లేదు. డబ్బు పడిందన్న మాట సర్వర్ నుంచి నేరుగా వస్తుంది, అదీ తెలుగులో, గట్టిగా, రెండు చేతులూ పనిలో ఉన్న మనిషికి వినిపించేలా. తెర లేదు, మెనూ లేదు. వ్యాపార లెక్కను వైర్‌లెస్ పరికరం మీదికి తేవడంలో ఇంత సూటైన ఆలోచన ఈ మధ్య మరొకటి కనిపించదు.

కంపెనీ యాప్‌కు అసలు పోటీ వేరే కంపెనీ యాప్ కాదు, వాట్సాప్. లక్షలు పోసి చేయించిన ఆర్డర్ యాప్‌ను పక్కన పెట్టి, చీటీ మీద రాసి ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టేసే సేల్స్‌మన్లు ప్రతి లైన్‌లోనూ, అంటే ప్రతి అమ్మకాల రూట్‌లోనూ, ఉంటారు. దాన్ని బద్ధకం అనడం తేలిక. వాట్సాప్ వాళ్లకు ఇచ్చేదేమిటో చూడాలి. నెట్ లేకపోయినా రాసుకోనిస్తుంది, చిన్న గడియారం బొమ్మ పెట్టి తనలో దాచుకుంటుంది, సిగ్నల్ రాగానే తనే పంపుతుంది, సర్వర్‌కు చేరితే ఒక టిక్కు, అవతలి ఫోన్‌కు చేరితే రెండు. అంటే మధ్యస్థితికి కూడా ఒక బొమ్మ ఉంది. 1999లో పేజర్ రూపంలో మొదలైన బ్లాక్‌బెర్రీని ఆఫీసు మనుషులు పట్టుకుని వదలకపోవడానికి కూడా కారణం ఇలాంటిదే. కవరేజీ లేని చోట రాసిన మెయిల్ దాంట్లోనే ఆగి, కవరేజీ రాగానే కదిలేది. ఆ కాలంలోనే చిన్న తెర మీద నెట్ పేజీలు చూపించేందుకు వచ్చిన వ్యాప్ ఫోన్లు ప్రతి పేజీకీ నెట్‌వర్క్ కోసం ఎదురుచూసేవి, వాటి మీద వ్యాపారం నడపాలన్న ఆలోచన నిలవలేదు. గడియారం, ఒక టిక్కు, రెండు టిక్కులు అన్న మూడు బొమ్మలు ఆర్డర్ జాబితాలో ప్రతి వరస పక్కనా పెడితే సగం ఫిర్యాదులు ఆఫీసుకు రావు.

లెక్కకు యజమాని ఎవరు

స్మార్ట్‌ఫోన్లు రాకముందే ఈ నగరంలో చేతి మెషిన్లు పనిచేశాయి. ఆర్టీసీ కండక్టర్ మెడలో టికెట్ మెషిన్, ఇంటింటికీ తిరిగే కరెంటు మీటర్ రీడర్ చేతిలో స్పాట్ బిల్లింగ్ మెషిన్. పొద్దున ఆఫీసులోనో డిపోలోనో రూట్ల వివరాలు, వినియోగదారుల జాబితా ఎక్కించేవారు. రోజంతా నెట్‌తో పని లేదు. డ్యూటీ దిగాక లెక్క దింపుకునేవారు. అంత చౌక మెషిన్లతో, అంత పెద్ద ఎత్తున అది ఎలా నడిచిందంటే, ఏ రెండు మెషిన్లూ ఒకే వరసను ముట్టుకోవు. ఒక బస్సు టికెట్లు ఆ కండక్టరువే. ఒక వీధిలో మీటర్లు ఆ నెల ఆ రీడరువే. సాయంత్రం అన్నీ కలిపితే కూడిక తప్ప తగవు రాదు.

స్టాక్ అలా కాదు. గోడౌన్‌లో ఒక యాంటీబయాటిక్ పది బాక్సులే మిగిలాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సేల్స్‌మన్, మియాపూర్‌లో ఇంకొకడు, ఇద్దరి ఫోన్లూ నెట్ లేక పొద్దుటి లెక్కనే చూపిస్తున్నాయి. ఇద్దరూ పదేసి బాక్సులకు ఆర్డర్ తీసుకున్నారు. ఇద్దరి ఫోన్లలోనూ లెక్క సరిగ్గానే ఉంది, కలిపితే తప్పు. ఏ సాంకేతికతా దీన్ని మాయ చేయలేదు. రెండు చోట్ల విడివిడిగా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఒకే సరుకును పంచుతున్నప్పుడు, ఇద్దరికీ వెంటనే ‘సరే’ అనే సౌకర్యమూ, ఎప్పటికీ తప్పు రాని లెక్కా రెండూ ఒకేసారి దొరకవు. ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకోవాలన్నది ప్రోగ్రామర్ నిర్ణయించేది కాదు, కంపెనీ యజమాని నిర్ణయించేది. ఆయన నిర్ణయించకపోతే ప్రోగ్రామరే ఏదో ఒకటి ఎంచుకుంటాడు, అది బయటపడేది పండగ ముందు వారంలో.

అమల్లో మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది, ఫోన్‌లో రాసేదాన్ని అమ్మకం అనకుండా కోరిక అనడం. సేల్స్‌మన్ ఇండెంట్, అంటే ఇంత సరుకు కావాలన్న చీటీ, రాస్తాడు, సరుకు ఎవరికి ఎంత అన్నది సర్వర్ తేలుస్తుంది, దుకాణానికి సాయంత్రం కబురు వెళ్తుంది. మందుల పంపిణీకి ఇది సరిపోతుంది, ఎందుకంటే అక్కడ బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఎలాగూ గోడౌన్‌లో పెట్టె తీసేటప్పుడే ఖరారవుతాయి. రెండోది, సరుకునే పంచేయడం. పాలు, బ్రెడ్డు, కూల్‌డ్రింకుల వ్యాన్లు చేసేది ఇదే. పొద్దున వ్యాన్‌లోకి ఎక్కించిన ట్రేలు ఆ వ్యాన్ సొంత గోడౌన్ లెక్కలోకి వెళ్లిపోతాయి. అప్పుడు ఆ ఫోన్ మళ్లీ కండక్టర్ మెషిన్‌లాంటిదే, దాని వరసలు దానివే, నెట్ లేకున్నా అక్కడికక్కడ అమ్మేయొచ్చు.

మూడోది కాస్త సూక్ష్మమైనది. తప్పును ఒప్పుకుని, దానికి ఒక హద్దు గీయడం. 2022లో, ఫోన్ వాలెట్‌లో కొద్ది డబ్బు ఉంచుకుని చిన్న చెల్లింపులు చేసే యూపీఐ లైట్ వచ్చినప్పుడు ఒక్కో చెల్లింపు 200 రూపాయలు, వాలెట్‌లో మొత్తం 2000 రూపాయలు దాటకూడదని పెట్టారు. తర్వాత ఆ హద్దులు పెంచారు గానీ ఆలోచన అదే. ప్రతి చిన్న చెల్లింపుకూ బ్యాంకు అసలు లెడ్జర్ దాకా వెళ్లనక్కర్లేదు, పరికరమే కొంతమేర నిర్ణయం తీసుకోవచ్చు, పొరపాటు జరిగినా అది భరించగలిగే మొత్తంలోనే ఉంటుంది. సేల్స్‌మన్ ఇచ్చే డిస్కౌంట్, దుకాణానికి ఇచ్చే అరువు ఈ పద్ధతికి బాగా ఒదుగుతాయి. నెట్ లేనప్పుడు పాత బకాయి ఎంతున్నా ఇంత వరకు అరువు ఇవ్వొచ్చు, అంతకు మించితే సిగ్నల్ కోసం మెట్లెక్కి బయటికి రావాల్సిందే. ఆ ‘ఇంత’ ఎంతన్నది అకౌంట్స్ మేనేజర్ పది నిమిషాల్లో చెప్పగలడు. ఆయన్ని అడగడమే జరగదు.

కొన్ని చోట్ల మాత్రం ఎంపికే లేదు, చట్టం ముందే తేల్చేసింది. జీఎస్‌టీ నియమాల ప్రకారం ఇన్‌వాయిస్ నంబరు 16 అక్షరాలకు మించకూడదు, వరసగా ఉండాలి, ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. నెట్ లేని పది ఫోన్లు ఒకే వరసలో తర్వాతి నంబరు ఇవ్వలేవు. ఒకటి కన్నా ఎక్కువ సిరీస్‌లు వాడుకోనిస్తుంది కాబట్టి ఫోన్‌కొక సిరీస్ కేటాయించి దీన్ని దాటొచ్చు. ఇంకో గోడ దాటలేనిది. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారాలు 2023 ఆగస్టు 1 నుంచి ఇంకో వ్యాపారికి ఇచ్చే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసి, అక్కడి నుంచి రిఫరెన్స్ నంబరు, క్యూఆర్ కోడ్ తెచ్చుకోవాలి. ఆ నంబరు లేనిదే ఆ బిల్లు ఇన్‌వాయిస్‌గా చెల్లదు. అంటే సెల్లార్‌లో ఉన్న ఫోన్ ఎంత తెలివైనదైనా అక్కడ ఆర్డరే రాయగలదు, ఇన్‌వాయిస్ కొట్టలేదు. డెలివరీ వ్యాన్‌లోనే బిల్లు చేతికిచ్చే వ్యాపారాలు డిజైన్ మొదలుపెట్టే ముందే ఈ ఒక్క వాక్యం చదువుకుంటే చాలా మీటింగులు తప్పుతాయి.

ఫారం వెనక దాక్కున్న నియమాలు

పాత సాఫ్ట్‌వేర్‌కు ఒక ‘ఏపీఐ’, అంటే వేరే ప్రోగ్రాములు దానితో మాట్లాడే ద్వారం, తగిలిస్తే ఫోన్ దానితో మాట్లాడుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. రాణీగంజ్ హార్డ్‌వేర్ డీలర్ల దగ్గర, బాలానగర్, జీడిమెట్ల చిన్న ఫ్యాక్టరీల్లో నడుస్తున్న పాత ఫాక్స్‌ప్రో, విజువల్ బేసిక్ ప్రోగ్రాములను తెరిచి చూస్తే ఆ మాట ఎంత తేలికగా అన్నదో అర్థమవుతుంది. అయిదు వేలు దాటితే రెండు శాతం తగ్గింపు, ఈ పార్టీకి మాత్రం పాత రేటు, బకాయి నెల దాటితే బిల్లు ఆపాలి. ఈ నియమాలు డేటాబేస్‌లో ఉండవు, ఫలానా ఫారంలో ఫలానా బటన్ వెనక రాసి ఉంటాయి. ఫోన్ నేరుగా డేటాబేస్‌లోకి రాస్తే ఆ నియమాలన్నిటినీ పక్క దారిన దాటేస్తుంది. వాటిని ఫోన్ యాప్‌లో మళ్లీ రాస్తే ఒకే కంపెనీకి రెండు ధరల పట్టికలు తయారవుతాయి, మూడు నెలల్లో రెండూ విడిపోతాయి. నియమాలను ఫారాల్లోంచి బయటికి లాగి, కంప్యూటర్ తెరా ఫోన్ తెరా రెండూ అడిగే ఒకే చోట పెట్టడమే అసలు ఖర్చు. మొబైల్ ప్రాజెక్టు బడ్జెట్‌లో సింహభాగం మొబైల్‌కు సంబంధం లేని ఈ పనికే పోతుంది, పోవాలి కూడా.

అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ టాలీ వాడే వ్యాపారాలది ఇంకో కథ. టాలీ తన డేటాను వేరే ప్రోగ్రాములు చదవగలిగే ఎక్స్‌ఎంఎల్ రూపంలో, మామూలుగా 9000 పోర్టు (కంప్యూటర్‌లో నెట్‌వర్క్ తలుపు లాంటిది) మీద, అడిగినవాళ్లకు ఇవ్వగలదు. కానీ ఆ టాలీ నడిచేది దుకాణం గల్లా పక్కనున్న ఒక కంప్యూటర్‌లో. రాత్రి షట్టర్ దించేటప్పుడు అది కూడా ఆగిపోతుంది, కరెంటు పోతే పగలే ఆగుతుంది. ఫోన్ యాప్ దాన్ని నేరుగా నమ్ముకుంటే దుకాణం తెరిచి ఉన్న వేళల్లోనే పనిచేసే యాప్ అవుతుంది. పైగా ఆ పోర్టును రౌటర్‌లో బయటి ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టడం, షట్టర్ ఎత్తి ఇంటికెళ్లిపోవడంతో సమానం. మధ్యలో చిన్న క్లౌడ్ సర్వర్ ఒకటి పెట్టి, దుకాణం కంప్యూటరే లోపలి నుంచి బయటికి కనెక్టయి లెక్కలు ఇచ్చిపుచ్చుకునేలా చేస్తే రెండు చిక్కులూ తీరతాయి. ఫోన్‌లో కనిపించే బకాయి పక్కన ‘ఇది నిన్న సాయంత్రం 7 గంటల లెక్క’ అని రాయడం మాత్రం మర్చిపోకూడదు. పాత లెక్కతో ప్రమాదం తక్కువ, ఎంత పాతదో చెప్పని లెక్కతోనే ఎక్కువ.

సింక్, అంటే ఫోన్ లెక్కా సర్వర్ లెక్కా కలుపుకోవడం, అన్న మాటను ఫోన్ కంపెనీలు కూడా తేలికగా సాగనివ్వవు. బ్యాటరీ మిగల్చడానికి గూగుల్ 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ అనే పద్ధతి తెచ్చింది. ఫోన్ కదలకుండా పక్కన పడి ఉంటే యాప్‌ల నెట్ వాడకాన్ని ఆపి, మధ్యమధ్యలో మాత్రమే వదులుతుంది. 2017 నాటి ఆండ్రాయిడ్ 8 వెనక నడిచే పనులను మరింత బిగించింది. దీని పైన కొన్ని ఫోన్ తయారీదారులు తమ సొంత బ్యాటరీ సేవర్లతో యాప్‌ను ఏకంగా చంపేస్తారు. ‘రాత్రి అందరూ పడుకున్నాక సింక్ అవుతుంది’ అని రాసుకున్న డిజైన్ ఇందుకే తెల్లారేసరికి ఖాళీ చేతులతో నిలబడుతుంది. మనిషి యాప్ తెరిచి చూస్తున్న ఆ కొద్ది నిమిషాల్లోనే పని కానిచ్చుకోవాలి. ఫోన్ గడియారాన్ని కూడా నమ్మకూడదు. ‘చివరగా రాసినదే నిజం’ అన్న నియమం పెట్టుకున్న చోట, టైమ్ ఒక గంట ముందుకు జరిపిన ఫోన్ అందరినీ గెలుస్తుంది.

గోడౌన్ లోపలికి వస్తే సిమ్ సంగతి పోయి వైఫై సంగతి వస్తుంది. మేడ్చల్, శంషాబాద్ వైపు పెద్ద గోడౌన్లలో స్కానర్ పట్టుకుని మనుషులు ర్యాకుల మధ్య రోజంతా నడుస్తుంటారు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తొక్కని చానళ్లు 1, 6, 11 అని మూడే ఉన్నాయి. ఇనుప ర్యాకులు తరంగాలను తిప్పికొడతాయి, నీళ్లు వాటిని పీల్చేసుకుంటాయి. ఖాళీ గోడౌన్‌లో సర్వే చేసి సిగ్నల్ భేష్ అని సంతకం పెడతారు. ఆ తర్వాత అదే వరసల్లో సెలైన్ బాటిళ్ల పెట్టెలు కప్పు దాకా పేరిస్తే అక్కడ స్కానర్ మూగబోతుంది. ఇంకో జబ్బు, స్కానర్ మొదట పట్టుకున్న యాక్సెస్ పాయింట్‌ను, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెను, వదలకపోవడం. వంద అడుగులు దూరం వచ్చి, తల మీదే ఇంకో పాయింట్ ఉన్నా పాతదాన్నే పట్టుకు వేలాడుతుంది. ఒక పాయింట్ నుంచి ఇంకోదానికి త్వరగా మారేందుకు 2008లోనే 802.11ఆర్ ప్రమాణం వచ్చింది, కానీ స్కానర్‌కూ యాక్సెస్ పాయింట్‌కూ రెండింటికీ అది తెలిసి ఉండాలి. పాయింట్ల పవర్ పెంచడం చాలామంది చేసే చికిత్స, దాంతో జబ్బు ముదురుతుంది. పాయింట్ అరుపు స్కానర్‌కు వినిపిస్తుంది, స్కానర్ గొంతు పాయింట్‌కు వినిపించదు.

చిన్నవిగా కనిపించే రెండు సంగతులు. చేతి ప్రింటర్లలో సాధారణమైన 58 మిల్లీమీటర్ల థర్మల్ కాగితం మీద అడ్డంగా 384 చుక్కలే పడతాయి. చాలా ప్రింటర్లకు తెలుగు అక్షరాలు తెలియవు, బిల్లును బొమ్మగా మార్చి పంపాలి, అది నెమ్మది, బ్లూటూత్ బలహీనంగా ఉంటే మధ్యలో ఆగుతుంది. పార్టీ పేరు, సరుకు పేరు మాత్రం తెలుగులో ఉంచి మిగతావి అంకెలతో సరిపెడితే నడుస్తుంది. రెండోది టైపింగ్. ఎండలో, ఒక చేత్తో, దుకాణదారు తొందరపెడుతుంటే తెలుగులో టైప్ చేయమనడం అన్యాయం. ఆ దుకాణం ఇదివరకు తీసుకున్న సరుకులనే జాబితాగా చూపించి, ఎన్ని బాక్సులో ఒక అంకె మార్చమంటే చాలు.

భద్రత విషయంలో కంపెనీలు భయపడేది ఒకటి, జరిగేది ఇంకొకటి. హ్యాకర్ల గురించి మాట్లాడతారు, ఫోన్ ఆటోలో మర్చిపోవడం గురించి మాట్లాడరు. సేల్స్‌మన్ల ఫోన్లు ఎక్కువగా సొంతవే. ఆ ఫోన్ మీద కంపెనీ పూర్తి పెత్తనం కోరితే, పోయినప్పుడు మొత్తం చెరిపేస్తామంటే, పిల్లల ఫొటోలు ఉన్న ఫోన్‌ను ఎవరూ అప్పగించరు. ఆండ్రాయిడ్‌లో ఆఫీసు యాప్‌లకు విడిగా ఉండే వర్క్ ప్రొఫైల్ ఇందుకే. కంపెనీ తన భాగాన్నే చెరపగలదు, మిగతా ఫోన్‌లోకి తొంగిచూడలేదు. ఫోన్‌లో ఎంత డేటా ఉంచాలన్నది అంతకన్నా ముఖ్యం. ఒక సేల్స్‌మన్ ఆ రోజు వెళ్లే నలభై దుకాణాల బకాయిలు ఉంటే పని జరుగుతుంది, నగరంలోని పార్టీలందరి జాబితా దించుకోవడం ప్రోగ్రామర్ సౌలభ్యం కోసమే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది, సైబర్ ఘటన జరిగితే 6 గంటల్లో తెలపాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే చెప్పింది. పోయిన ఫోన్‌లో ఏముందో ఆరు గంటల్లో చెప్పగలగాలంటే అందులో పెట్టినది తక్కువై ఉండాలి. జీపీఎస్ హాజరు గురించి ఒక మాట. ఎత్తయిన బిల్డింగుల మధ్య అది పక్క వీధి చూపించడం మామూలే, దొంగ లొకేషన్ చూపించే యాప్‌లూ మామూలే. పనిచేసేవాడిని బాధపెట్టి, ఎగ్గొట్టేవాడిని పట్టుకోలేని ఈ ఏర్పాటును చాలామంది యజమానులు యాప్‌లో మొట్టమొదటి ఫీచర్‌గా అడుగుతారు. ఆ రోజే సేల్స్‌మన్ల దృష్టిలో అది ఆర్డర్ యాప్ కాకుండా పోతుంది.

లైసెన్సుల గొడవ చివరి నిమిషంలో బయటపడుతుంది. ఆఫీసులో ఇరవై మందికి కొన్న సాఫ్ట్‌వేర్ మీదికి ఫోన్ల ద్వారా రెండు వందల మంది వస్తే, వాళ్లు వాడుకదారులా కాదా? 2017లో ఇంగ్లండ్ హైకోర్టులో వ్యాపార సాఫ్ట్‌వేర్ కంపెనీ శాప్‌కీ మద్యం కంపెనీ డియాజియోకీ మధ్య నడిచిన కేసు సరిగ్గా ఇదే. డియాజియో తన సేల్స్ సిబ్బందికి ఒకటి, కస్టమర్లు నేరుగా ఆర్డర్ ఇచ్చేందుకు ఒకటి అప్లికేషన్లు సేల్స్‌ఫోర్స్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ మీద కట్టించి, వెనక శాప్‌కు కలిపింది. వాటిని వాడిన వాళ్లందరూ తన వాడుకదారులేనని శాప్ వాదించింది, కోర్టు బాధ్యత విషయంలో శాప్ వైపు నిలిచింది. అడిగిన మొత్తం 5.4 కోట్ల పౌండ్లకు పైనే. మరుసటి ఏడాది శాప్, మనుషులను కాక పుట్టే డాక్యుమెంట్లను లెక్కపెట్టే కొత్త లైసెన్సు పద్ధతి తెచ్చింది. చిన్న కంపెనీకి కోట్ల కేసు రాకపోవచ్చు, కానీ పాత సాఫ్ట్‌వేర్ ఒప్పందంలో ‘వాడుకదారు’ అంటే ఎవరని రాశారో యాప్ మొదలుపెట్టే ముందే చూసుకోవాలి.

అమలు చేసేటప్పుడు ఒక లైన్‌తో, ఒకే పనితో మొదలుపెట్టినవి నిలుస్తాయి. ఆర్డర్ ఒక్కటే ఇచ్చి, వసూళ్లు, రిటర్నులు, హాజరు తర్వాతకు వదిలేసినవి. కాగితం ఆర్డర్ బుక్కును వెంటనే లాక్కోకూడదు, రెండూ పక్కపక్కన నడవాలి, తేడాలు ఎవరో ఒకరు రోజూ సాయంత్రం చూడాలి. ఎన్నాళ్లు అంటే కనీసం ఒక మార్చి 31 దాటేదాకా. ఆ రాత్రి పన్నెండు దాటాక బిల్లు సిరీస్ మారుతుంది, కంపెనీలు స్కీములు మారుస్తాయి, బకాయిలు కొత్త ఏడాదికి వెళ్తాయి. మార్చి 31 సాయంత్రం సెల్లార్‌లో రాసి, సిగ్నల్ లేక ఫోన్‌లోనే ఆగిపోయిన ఆర్డర్ ఏప్రిల్ 1 పొద్దున సర్వర్‌కు చేరుతుంది. పాత స్కీము వర్తిస్తుందా, కొత్తదా? సేల్స్‌మన్ ఇన్సెంటివ్ ఏ ఏడాది టార్గెట్‌లో పడుతుంది? రాసిన సమయం ఒక గడిలో, సర్వర్‌కు అందిన సమయం ఇంకో గడిలో విడిగా దాచిన కంపెనీకి ఇది అయిదు నిమిషాల మాట. ఒకే గడి ఉంచిన కంపెనీ ఏప్రిల్ మొదటి వారమంతా ఫోన్లు ఎత్తుతూనే ఉంటుంది.